హేగ్ వేసవి కోర్సుకు వెళ్లదలచిన న్యాయ విద్యార్థికి

విశాఖపట్నంలో న్యాయశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్న మీరు అడిగినది క్లుప్తంగా ఇది: నెదర్లాండ్స్‌లోని సముద్రతీర నగరం హేగ్‌లో ఏటా జరిగే అంతర్జాతీయ న్యాయ అకాడమీ వేసవి కోర్సుకు దరఖాస్తు చేయవచ్చా, చేస్తే దేశాల మధ్య వ్యవహారాలను చూసే పబ్లిక్ ఇంటర్నేషనల్ లా విభాగం మంచిదా, వేర్వేరు దేశాలతో ముడిపడిన వ్యక్తుల తగాదాల్లో ఏ చట్టం వర్తిస్తుందో చూసే ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా విభాగం మంచిదా, ఇంట్లోవాళ్లు అప్పు చేసి పెట్టే ఖర్చుకు తగిన ఫలితం దక్కుతుందా. ఆ కోర్సులో చదివి వచ్చి, తరువాత చాలా ఏళ్లుగా ఈ రెండు సబ్జెక్టులూ బోధిస్తున్నాను కాబట్టి నా అభిప్రాయం కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా నా సలహా చెప్పి, కారణాలు తరువాత చెబుతాను. సర్టిఫికెట్ కోసమైతే వెళ్లవద్దు. మన కోర్టుల్లోనో మన తీరంలోనో పుట్టిన ప్రశ్న ఒకటి మీ దగ్గర ఉండి, దానికి అక్కడ దారి దొరుకుతుందేమోనన్న ఆలోచన ఉంటే తప్పకుండా వెళ్లండి. మీరు తిరిగివచ్చి అమరావతిలోనో హైదరాబాద్‌లోనో హైకోర్టు ప్రాక్టీసు పెట్టాలనుకుంటే, తోటి విద్యార్థుల్లో ఎక్కువమంది ఎటు మొగ్గినా సరే, ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా విభాగాన్నే ఎంచుకోండి.

అకాడమీ ఎలాంటిదో తెలిస్తే ఈ సలహా ఎందుకిచ్చానో సులభంగా అర్థమవుతుంది. ఇది విశ్వవిద్యాలయం కాదు, డిగ్రీ ఇవ్వదు. 1914లోనే కాగితం మీద ఏర్పడినా, మొదటి ప్రపంచ యుద్ధం అడ్డురావడం వల్ల తరగతులు 1923 జూలైలో మొదలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మళ్లీ ఆగిపోయి 1947లో తిరిగి తెరుచుకున్నాయి. ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన విరాళంతో కట్టి 1913లో ప్రారంభించిన పీస్ ప్యాలెస్ ప్రాంగణంలోనే ఈ తరగతులు జరుగుతాయి. అంతర్జాతీయ న్యాయస్థానమూ, శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానమూ ఉన్నది కూడా ఆ ప్రాంగణంలోనే. హేగ్ అనగానే మనవాళ్లకు దేశాల మధ్య తగాదాలు, యుద్ధ నేరాల విచారణలు గుర్తుకు వస్తాయి. కానీ 1899 నాటి శాంతి మహాసభ కంటే 6 సంవత్సరాల ముందే, 1893లో, టోబియాస్ అసర్ అనే డచ్ న్యాయవేత్త చొరవతో ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా మీద మొదటి అంతర్జాతీయ సమావేశం ఇదే నగరంలో జరిగింది. 1911లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు. అకాడమీ ఆలోచన వెనుక కూడా ఆయన కృషి ఉంది. భార్యాభర్తలు, పిల్లలు, వర్తకులు, వారసులు ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లినప్పుడు ఏ చట్టం వర్తించాలన్న ప్రశ్న ఆ నగరానికి శాంతి సభల కంటే పాతదన్న మాట.

వేసవి కోర్సు రెండు భాగాలుగా, ఒక్కొక్కటి 3 వారాల చొప్పున సాగుతుంది. మొదట పబ్లిక్ ఇంటర్నేషనల్ లా, ఆ వెంటనే ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా ఉంటాయి. 2019 నుంచి జనవరిలో శీతాకాలపు కోర్సు కూడా నడుపుతున్నారు. బోధన ఆంగ్లంలో గానీ ఫ్రెంచ్‌లో గానీ జరుగుతుంది, రెండో భాషలోకి అప్పటికప్పుడే అనువాదం వినిపిస్తుంది. ప్రతి భాగంలోనూ పేరున్న ఆచార్యుడో న్యాయమూర్తో చెప్పే సుదీర్ఘమైన సాధారణ కోర్సు ఒకటి, ఒక్కొక్క ఇరుకైన అంశాన్ని తీసుకుని కొద్ది రోజుల్లో ముగించే ప్రత్యేక కోర్సులు కొన్ని ఉంటాయి. ఈ ఉపన్యాసాలను తరువాత విస్తరించి సంపుటాలుగా ప్రచురిస్తారు. 1923 నుంచి ఇప్పటివరకు వచ్చిన సంపుటాలు 400 దాటాయి. మీరు వెళ్లేలోపు వాటిలో 2 ఉపన్యాసాలైనా పూర్తిగా చదవాలి. ఎందుకంటే అక్కడ ఎవరూ నోట్సు చెప్పి రాయించరు. ఒక పండితుడు తన జీవితకాలపు వాదాన్ని ఎలా పేర్చుకుంటూ వస్తాడో చూపిస్తారు. సిలబస్ పూర్తి చేసే అలవాటులో పెరిగిన మన విద్యార్థులకు మొదటి వారమంతా ఇది దిక్కుతోచకుండా ఉంటుంది.

చదవడానికి ఇద్దరు భారతీయ న్యాయపండితుల పేర్లు చెబుతాను. ఆర్.పి. ఆనంద్ 1986లో దేశాల సార్వభౌమ సమానత్వం మీద ఇచ్చిన ఉపన్యాసాలు పబ్లిక్ వైపు మంచి ఆరంభం. ప్రైవేట్ వైపు ఉపేంద్ర బక్షీ బహుళజాతి సంస్థల బాధ్యత మీద ఇచ్చినవి చదవండి. భోపాల్ విషవాయు బాధితుల కేసు అమెరికా కోర్టుకు వెళ్లి, తగిన వేదిక భారతదేశమేనన్న తీర్పుతో వెనక్కి వచ్చిన చరిత్ర తెలిస్తే, ఏ దేశపు కోర్టు విచారించాలన్న ప్రశ్న వెనుక వేల కుటుంబాల జీవితాలు ఎలా ఉంటాయో ఆ ఉపన్యాసాలు అర్థం చేయిస్తాయి.

ఇక విభాగం ఎంపిక గురించి. మన విద్యార్థుల్లో అత్యధికులు పబ్లిక్ విభాగానికే దరఖాస్తు చేస్తారు. అది సహజమే. గూఢచర్యం ఆరోపణ మీద పాకిస్తాన్ మరణశిక్ష వేసిన భారతీయుడు కులభూషణ్ జాధవ్ కేసులో 2019 జూలై 17న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పును టీవీలో చూసినవారికి, ఆ తీర్పు చదివిన భవనం పక్కనే కూర్చుని చదువుకోవడం గొప్పగా అనిపిస్తుంది. కానీ తిరిగి వచ్చాక ఆ న్యాయస్థానం ముందు నిలబడి వాదించే అవకాశం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందికే దక్కుతుంది. అదే సమయంలో, ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా అని పేరు పెట్టకుండానే ఆ సబ్జెక్టుకు చెందిన కేసులు మన జిల్లా కోర్టుల్లో రోజూ నడుస్తున్నాయి.

వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మీరు పాఠంగా చదివే ఉంటారు. పెళ్లి 1975లో తిరుపతిలో జరిగింది. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో విడాకుల డిక్రీ తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వ నేరం కింద ఫిర్యాదు చేసింది. విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లుతాయా అన్న ప్రశ్నకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్‌ను ఆధారం చేసుకుని సుప్రీంకోర్టు సమాధానం చెప్పింది. ఏ వివాహ చట్టం కింద పెళ్లి జరిగిందో, ఆ చట్టం అంగీకరించే కోర్టు, ఆ చట్టం అంగీకరించే కారణం మీద ఇచ్చిన తీర్పునే సాధారణంగా గుర్తించాలని చెప్పి, ప్రతివాది స్వచ్ఛందంగా ఆ కోర్టు అధికారానికి లోబడి వాదన వినిపించినప్పుడూ, ఇరుపక్షాలూ సమ్మతించినప్పుడూ వర్తించే మినహాయింపులు కూడా చెప్పింది. తిరుపతిలో మొదలై మిస్సోరి మీదుగా యాదగిరిగుట్ట చేరిన ఆ తగాదా భారతదేశమంతటికీ వర్తించే న్యాయసూత్రం అయింది. ఇలాంటి ఇళ్లు ఈరోజు గుంటూరులో ఎన్ని ఉన్నాయో, కరీంనగర్‌లో ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

పిల్లల విషయం ఇంకా బాధాకరం. తల్లిదండ్రుల్లో ఒకరు బిడ్డను తీసుకుని అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చేస్తే, వెనక్కి పంపాలా వద్దా అన్నది ఇక్కడి కోర్టు తేల్చాలి. అలా తీసుకువెళ్లిన బిడ్డను అలవాటుపడి నివసించే దేశానికి త్వరగా తిరిగి పంపాలని చెప్పే 1980 నాటి హేగ్ ఒప్పందంలో 100కు పైగా దేశాలు ఉన్నా భారతదేశం చేరలేదు. అందుచేత మన కోర్టులు బిడ్డ సంక్షేమాన్ని ప్రధానంగా చూస్తూ కేసును బట్టి నిర్ణయిస్తాయి. నిత్యా ఆనంద్ రాఘవన్ కేసులో 2017లో సుప్రీంకోర్టు విదేశీ కోర్టు ఉత్తర్వు కంటే బిడ్డ సంక్షేమమే ముఖ్యమని గట్టిగా చెప్పింది. మనం ఆ ఒప్పందంలో చేరాలా వద్దా అన్నదానిపై మన దేశంలో వాదోపవాదాలు ఉన్నాయి. గృహహింస నుంచి తప్పించుకుని బిడ్డతో వచ్చిన తల్లిని వెనక్కి పంపడం న్యాయమా అని అడిగేవారి మాటలో బలం ఉందని నేను నమ్ముతాను. ఆ ఒప్పందాన్ని తయారుచేసిన సంస్థ, అంటే ప్రైవేట్ ఇంటర్నేషనల్ లా మీద పనిచేసే హేగ్ కాన్ఫరెన్స్, అదే నగరంలో ఉంది. ఈ ప్రశ్నతో వెళ్లిన విద్యార్థికి లాటిన్ అమెరికా, ఆఫ్రికా, జపాన్ నుంచి వచ్చిన తోటివారు తమ కోర్టుల అనుభవాలు చెబుతారు. ఆ సంభాషణ ఇక్కడ కూర్చుంటే దొరకదు.

గల్ఫ్ సంగతి కూడా గమనించండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన దేశాల కోర్టు డిక్రీలను ఇక్కడ నేరుగా అమలు చేయించుకోవచ్చు. 2020 జనవరిలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌ను ఆ జాబితాలో చేర్చారు. అక్కడ బ్యాంకు అప్పు తీర్చలేక తిరిగి వచ్చిన నిజామాబాద్, జగిత్యాల కార్మికుడి మీద అక్కడి కోర్టు ఇచ్చిన డిక్రీ ఇక్కడి జిల్లా కోర్టులో అమలు పిటిషన్‌గా ఎదురుపడవచ్చు. అమెరికా మాత్రం ఆ జాబితాలో లేదు, అక్కడి డిక్రీ మీద ఇక్కడ మళ్లీ దావా వేయవలసిందే. ఈ తేడా తెలియని న్యాయవాది చేతిలో పడిన కక్షిదారు ఏళ్లు నష్టపోతాడు. విదేశీ చదువుకు వెళ్లేవారు తమ పత్రాల మీద వేయించుకునే, అవి అసలైనవేనని ధ్రువీకరించే అపోస్టిల్ ముద్ర కూడా 1961 నాటి హేగ్ ఒప్పందం నుంచి వచ్చినదే.

అంతమాత్రాన పబ్లిక్ విభాగం మీకు పనికిరాదని నేను అనడం లేదు. మీది విశాఖ కాబట్టి ఒక ప్రశ్న సూచిస్తాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వలస వెళ్లి, అక్కడి బోట్ల మీద పనిచేస్తున్న మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్ అదుపులోకి తీసుకుంది. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలై ఇంటికి చేరారు. ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందం 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలిలో, అంటే ప్రాదేశిక జలాలకు అవతల చేపల వంటి వనరుల మీద తీర దేశానికి హక్కులున్న సముద్ర ప్రాంతంలో, చేపల వేట నిబంధనలను ఉల్లంఘించినందుకు, ఆయా దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు శిక్ష వేయకూడదు. కానీ అరెస్టు జరిగింది ఆర్థిక మండలిలోనా, 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాల్లోనా, సరిహద్దు పూర్తిగా తేలని సర్ క్రీక్ సమీపంలోనా అన్నదాన్ని బట్టి వర్తించే న్యాయం మారిపోతుంది. పైగా అరెస్టయిన తమ పౌరులను దౌత్యాధికారులు కలిసే ఏర్పాట్ల మీద 2008లో ఇరు దేశాలూ చేసుకున్న కాన్సులర్ సౌకర్యాల ఒప్పందం ఉంది. ఖైదీల జాబితాలు ఏటా జనవరి 1న, జూలై 1న మార్చుకునేది దాని ప్రకారమే. జాధవ్ కేసులో పాకిస్తాన్ అడ్డం పెట్టుకోవాలని చూసినది కూడా ఆ ఒప్పందాన్నే. కాన్సులర్ సంబంధాల మీద 1963లో కుదిరిన వియన్నా ఒప్పందం 36వ అధికరణం కల్పించిన ఆ హక్కులను అది తొలగించలేదని న్యాయస్థానం తేల్చింది. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలో ఒక ఇంటి పెద్ద పద్నాలుగు నెలలు కనబడకుండా పోవడానికీ, హేగ్‌లో చదివిన ఒక తీర్పుకూ మధ్య ఉన్న సంబంధాన్ని పట్టుకుని పనిచేసే న్యాయవాదులు మన తీరానికి కావాలి. ఈ పని చేయాలన్న పట్టుదల మీకు ఉంటే నా సలహా పక్కన పెట్టి పబ్లిక్ విభాగంలోనే చేరండి.

ఈ దారిలో తెలుగువారు ముందే నడిచారు. అప్పటి కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌లో 1996 నుంచి 2017 వరకు న్యాయమూర్తిగా, 1999 నుంచి 2002 వరకు దాని అధ్యక్షుడిగా పనిచేశారు. పెమ్మరాజు శ్రీనివాసరావు ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో 1987 నుంచి 2006 వరకు సభ్యులు. బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్ సముద్ర సరిహద్దును నిర్ణయించిన 2014 జూలై 7 నాటి తీర్పులో, భారతదేశం నియమించిన ఆర్బిట్రేటర్‌గా కొన్ని అంశాల్లో విభేదించి ప్రత్యేక అభిప్రాయం రాశారు. ఆ అభిప్రాయాన్ని తీర్పుతో పాటు పక్కపక్కనే పెట్టుకుని చదవండి. కేరళ తీరానికి ఆవల సముద్రంలో భారతీయ జాలరులను ఇటలీ నావికులు కాల్చిచంపిన ఎన్రికా లెక్సీ కేసులో కూడా భారత్ తరఫు నియామకం మొదట చంద్రశేఖరరావుదే. 2018లో ఆయన మరణించాక ఆ స్థానంలోకి శ్రీనివాసరావు వచ్చారు.

అక్కడి దినచర్య గురించి కూడా అడిగారు. ఉదయం ఉపన్యాసాలు, మధ్యాహ్నం సెమినార్లు, కొన్ని రోజుల్లో రాయబార కార్యాలయాలకో అంతర్జాతీయ సంస్థలకో సందర్శనలు ఉంటాయి. ఈ పట్టికలోని ప్రతి గంటనూ నింపుకోవాలనే ఆరాటం వద్దు. నా దృష్టిలో ఆ ప్రాంగణంలో అన్నిటికంటే విలువైనది పీస్ ప్యాలెస్ గ్రంథాలయం. అంతర్జాతీయ న్యాయం మీద ప్రపంచంలోని అతి పెద్ద సేకరణల్లో అదొకటి. పదిహేడో శతాబ్దపు డచ్ న్యాయవేత్త గ్రోషియస్ రచనల పాత ప్రతులు కూడా అక్కడ ఉన్నాయి. డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున ఆయన సముద్రం ఎవరి సొత్తూ కాదని వాదించిన చిన్న పుస్తకం 1609లో వెలువడింది. అదే కంపెనీ అంతకు 4 సంవత్సరాల ముందే, 1605లో, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోని మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. తూర్పు దేశాల పాలకులు సంపూర్ణ సార్వభౌములేనన్నది గ్రోషియస్ వాదానికి ఒక ఆధారం. మద్రాసు విశ్వవిద్యాలయంలో బోధించిన అలెగ్జాండ్రోవిచ్ ఈ విషయాన్నే 1960లో హేగ్ అకాడమీలో ఉపన్యాసాలుగా చెప్పారు. అంతర్జాతీయ న్యాయం యూరప్‌లో పుట్టి మనకు దిగుమతి అయిందని నమ్మేవారు ఆ ఉపన్యాసాలు చదవాలి.

అకాడమీ ఇచ్చే డిప్లొమా పరీక్ష సంగతి వేరు. తగిన ముందస్తు పరిజ్ఞానం ఉన్నవారిని ఎంపిక చేసి, ఆంగ్ల, ఫ్రెంచ్ విభాగాలుగా ప్రత్యేక తరగతులు పెట్టి, చివర రాత పరీక్ష, మౌఖిక పరీక్ష నిర్వహిస్తారు. ఉత్తీర్ణులయ్యేవారు అతి కొద్దిమంది. కొన్ని విడతల్లో ఎవరికీ రాదు. అందరికీ వచ్చేది హాజరు సర్టిఫికెట్టే. దాన్ని చూసి ఉద్యోగం ఇచ్చే సంస్థ నాకు తెలిసి లేదు. మీరు చివరి సంవత్సరంలో ఉన్నారు కాబట్టి ఈసారి డిప్లొమా మీద ఆశ పెట్టుకోకుండా, ఎల్ఎల్‌ఎమ్ తరువాత రెండోసారి వెళ్లినప్పుడు ప్రయత్నించడం మంచిది.

ఖర్చు విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. అకాడమీ స్కాలర్‌షిప్పుల్లో కొన్ని రిజిస్ట్రేషన్ ఫీజు వరకే ఇస్తాయి, కొన్ని బసను కూడా భరిస్తాయి. విమాన ఖర్చు మాత్రం మీదే. స్కాలర్‌షిప్ గడువు మామూలు దరఖాస్తు గడువు కంటే ముందే ముగిసిపోవచ్చు కాబట్టి, వేసవి కోర్సు కదా అని సంక్రాంతి దాటేదాకా ఆగితే అవకాశం చేజారుతుంది. దసరా సెలవుల్లోనే అకాడమీ వెబ్‌సైటు చూసి తేదీలు రాసుకోండి. నెదర్లాండ్స్‌కు కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి ప్రవేశపత్రం చేతికి రాగానే బుక్ చేసుకోండి. బస స్కాలర్‌షిప్ రాకపోతే, సముద్రపు ఒడ్డునున్న స్ఖెవెనింగెన్‌లో గది తీసుకోవద్దు. అది పర్యాటక ప్రాంతం, జూలై, ఆగస్టుల్లో అద్దెలు మండిపోతాయి. డెల్ఫ్ట్, లేడెన్ వంటి విద్యార్థి పట్టణాల్లో వెతికితే కొంత నయం, అక్కడి నుంచి రైలు ప్రయాణం చాలా తక్కువ సేపే. తీరానికి ట్రామ్‌లో సాయంత్రం వెళ్లిరండి, అక్కడ జూలైలో రాత్రి 10 గంటలకు గానీ చీకటి పడదు. మన రామకృష్ణా బీచ్ అలవాటున్నవారికి ఆ ఉత్తర సముద్రపు గాలి చలిపుట్టిస్తుంది, వేసవే అయినా స్వెట్టరు, గొడుగు తీసుకువెళ్లండి.

స్కాలర్‌షిప్ ఏదీ రాకపోతే అప్పు చేసి వెళ్లమని నేను చెప్పను. ఐక్యరాజ్యసమితి నడిపే అంతర్జాతీయ న్యాయ ఆడియో విజువల్ లైబ్రరీలో పెద్ద పండితుల ఉపన్యాసాలు ఉచితంగా ఉన్నాయి. ఢిల్లీలో 1959 నుంచి పనిచేస్తున్న ఇండియన్ సొసైటీ ఆఫ్ ఇంటర్నేషనల్ లా కూడా కోర్సులు నడుపుతుంది, దానికి మంచి గ్రంథాలయం ఉంది. రేపు మీరు అధ్యాపకులో ప్రభుత్వ న్యాయాధికారో అయితే, ఐక్యరాజ్యసమితి ఫెలోషిప్ మీద హేగ్‌కు వెళ్లే అవకాశం ఉంటుంది, అందులో ప్రయాణం, బస వారే చూసుకుంటారు. ఇప్పుడు ఆగితే తలుపులు శాశ్వతంగా మూసుకుపోవు.

చివరగా దరఖాస్తు లేఖ. నేను చూసిన లేఖల్లో చాలావరకు చిన్ననాటి నుంచి అంతర్జాతీయ న్యాయం మీద ఆసక్తి ఉందని మొదలై, పీస్ ప్యాలెస్ వైభవాన్ని పొగిడి ముగుస్తాయి. ఎంపిక చేసేవారికి ఆ రెండూ అక్కరలేదు. మీరు పనిచేస్తున్న ప్రశ్న ఏమిటో మొదటి పేరాలోనే చెప్పండి. దాని మీద ఇప్పటివరకు ఏ తీర్పులు చదివారో, ఎక్కడ ఆగిపోయారో రెండో పేరాలో రాయండి. ఆ ఏడాది ప్రకటించిన ఉపన్యాసాల్లో ఏది మీ ప్రశ్నకు దగ్గరో, ఎందుకో, ఆచార్యుడి పేరుతో సహా మూడో పేరాలో రాయండి. లేఖ ఒక పేజీ దాటకూడదు. రాసిన తరువాత మీ సబ్జెక్టు తెలియని బంధువు ఎవరికైనా దాన్ని తెలుగులో వివరించి చూడండి. వారికి అర్థం కాని చోట మీ ప్రశ్న ఇంకా తేలలేదని గ్రహించి, ఆ పేరా మళ్లీ రాయండి.